అన్నీ పోయాయమ్మా

"పోయిందంటే? ఎక్కడికి పోయింది?" అని అడిగింది పెద్దామె.

ల్యాబ్ తలుపు సగమే తీసి నిలబడ్డ అమ్మాయికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తలకు నీలం టోపీ, చేతులకు పల్చటి తొడుగులు, మూతికి కట్టుకున్న మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. "పోయిందమ్మా. శాంపిల్ పోయింది," అంది మళ్లీ, అదే మాటను ఇంకాస్త నెమ్మదిగా.

"అదే అడుగుతున్నా తల్లీ. ఎక్కడ పెట్టి మర్చిపోయారు? మా కొట్లోనూ రోజుకోసారి కత్తెర పోతుంది. గుడ్డలన్నీ దులిపితే దొరుకుతుంది. మీరు బల్ల కింద చూశారా?"

వెనక బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్న చిన్నామె పెదవి కొరుక్కుంది. నొప్పికి కాదు, నవ్వాపుకోవడానికి. ఇద్దరూ తోటికోడళ్లు. అన్నదమ్ములిద్దరూ ఇళ్లకి వెళ్లి కిటికీలకి కడ్డీలు బిగిస్తుంటే, వీళ్లిద్దరూ కొట్లో కూర్చుని ఆ కడ్డీలకి వేలాడే కర్టెన్లు కుడతారు. వచ్చినవాళ్లతో మాట్లాడేది పెద్దామె, కొలతల్లో తప్పు పట్టేది చిన్నామె. ఇప్పుడు జబ్బు చిన్నామెది, పోట్లాట మాత్రం పెద్దామెది.

"పారేసుకోలేదమ్మా," అంది ల్యాబ్ అమ్మాయి. "పాడైపోయింది. బూజు పట్టింది. ఆ ముక్క తీసిన చోట మామూలుగానే క్రిములుంటాయి. ఎన్నిసార్లు కడిగినా ఒక్కటి మిగిలితే చాలు, అంతా పాకేస్తుంది. మా దగ్గర పోయిందంటే అదే అర్థం."

"అయితే పాడైందని చెప్పాలిగానీ, పోయిందంటే మాకేం తెలుస్తుంది?" పెద్దామె గొంతు లేచింది. "అసలు ఆ ముక్క తీసేటప్పుడు మా పిల్ల ఎంత అల్లాడిందో నీకు తెలుసా? నా చెయ్యి పట్టుకుంది. ఇదిగో, చూడు."

అరచెయ్యి చాపింది. బొటనవేలి కింద గోళ్లు దిగిన గుర్తులు నాలుగు, ఎర్రగా ఎండి ఉన్నాయి. ల్యాబ్ అమ్మాయి తొడుగు ఊడదీసి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూసింది. మొక్కుబడిగా కాదు, నిజంగానే చూసింది.

"నాకు సీసా మీద నంబరే కనబడుతుందమ్మా," అంది. "మనిషి కనబడరు." కళ్లు తుడుచుకుంది. "ఇంకో ముక్క ఇస్తే ఈసారి ఇంకా జాగ్రత్తగా కడుగుతాను. మీ ఫోన్ నంబరు చెప్పండి. మేం ఎవరికీ ఏదీ చెప్పకూడదు, డాక్టరుగారే చెప్పాలి. అయినా మీకు చెప్తాను."

పెద్దామె సిద్ధం చేసుకొచ్చిన పోట్లాటలో సగం కూడా అవలేదు. మిగతా సగం ఏం చేసుకోవాలో తెలియక నంబరు చెప్పేసింది.

డాక్టరమ్మ గదిలో ఆ మిగతా సగం బయటికొచ్చింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చిన క్యాన్సరు అది. కరెంటు పెట్టారు, మందు ఎక్కించారు, తగ్గిందన్నారు. మళ్లీ తిరగబెట్టింది. ఇప్పుడు ఇవ్వదగ్గ మందులు మూడున్నాయని, ఎవరికి ఏది పడుతుందో ముందుగా తెలియదని డాక్టరమ్మ ఇంతకు ముందే చెప్పింది. మళ్లీ ఓపిగ్గా చెప్పింది.

"మామూలుగా అయితే మొదటిదానితో మొదలుపెట్టి కొన్నాళ్లు చూస్తాం. తగ్గకపోతే రెండోది. ఈలోపు మనిషిలో ఓపిక అయిపోతుంది. అందుకే ఆ గడ్డలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పెంచుతాం. ఆవగింజ కంటే చిన్నగా ఉండలు కడతాయి. ఆర్గనాయిడ్లంటారు. అవి ఈవిడ గడ్డలాగే ఉంటాయి, ఈవిడవే కాబట్టి. మూడు మందులూ వాటి మీద వేసి చూస్తాం."

"ఒంట్లోంచి ఎలా పోగొట్టాలా అని మేం చస్తుంటే మీరు దాన్ని మళ్లీ పెంచడమేంటమ్మా?" అంది పెద్దామె. "ఎరువు కూడా వేస్తారా?"

"వేస్తాం," అంది డాక్టరమ్మ. "గులాబీ రంగు నీళ్లు. రెండు రోజులకోసారి మారుస్తాం."

"ఇదంతా ఎందుకమ్మా? ఆ మొదటి మందే పెట్టేయండి. పెద్ద మందంటున్నారు కదా, అందరికీ అదే ఇస్తున్నామంటున్నారు కదా. ఈ ముక్కలూ, ఈ బూజులూ అని నాన్చుతుంటే అది లోపల ఊరుకుంటుందా?"

"అక్కా," అని పిలిచింది చిన్నామె. గదిలోకి వచ్చాక ఆమె నోరు విప్పడం అదే మొదలు. "కొత్త తాను వస్తే మనమేం చేస్తాం? కత్తెర పెట్టేముందు జానెడు ముక్క తడిపి ఆరేసి చూడమూ? కుంచించుకుపోతుందో, రంగు వదులుతుందో చూసుకునేగా కత్తిరిస్తాం? ఇదీ అంతే."

డాక్టరమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టి చిన్నామె వైపు చూసింది. "అంతే. నేనింత చెప్పినా మీ అంత బాగా చెప్పలేదు. కాకపోతే ఇది కొత్త పద్ధతి, ఇంకా పరిశోధనలోనే ఉంది. ల్యాబ్‌లో తేలిందే ఒంట్లోనూ జరుగుతుందని నేను మాటివ్వలేను. స్కానులో గడ్డ నెమ్మదిగానే ఉంది కాబట్టి ఓ నెల ఆగొచ్చు. నిర్ణయం మీది."

"ఇస్తాను," అంది చిన్నామె.

ముక్క తీయించుకోవడానికి లోపలికి వెళ్లే ముందు, గుమ్మం దగ్గర చిన్నామె పెద్దామె కొంగు పట్టుకుని ఆపింది. మొహం పాలిపోయి ఉంది. "ఇదే ఆఖరు అక్కా. మూడోసారి మాత్రం నన్ను ఆ బల్ల ఎక్కమనొద్దు. నువ్వు కూడా అనొద్దు. మాటివ్వు."

పెద్దామె ఆ గోళ్ల గుర్తులున్న చెయ్యే ఆమె చేతిలో వేసింది.

*

ఈసారి ఉండలు బతికాయి. ఆ సంగతి ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసి చెప్పిన రోజు, పెద్దామె కర్టెన్ పైఅంచుకి కుచ్చుల టేపు వేస్తోంది. "బతికాయమ్మా! గుండ్రంగా, నున్నగా ఉన్నాయి!" అని అటువైపు నుంచి కేక వినబడింది. పెద్దామె ఫోన్ పెట్టేసింది.

"ఏంటటక్కా?"

"నీ గడ్డ క్షేమం. తల్లీ పిల్లా కులాసా అన్నట్టు చెప్పిందే ఆ పిల్ల. చుట్టుపక్కల స్వీట్లు పంచమంటావా?"

చిన్నామె చేతిలోని సుద్దముక్క పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది. లోకంలో ఎవరైనా క్యాన్సరు బతికిందని సంతోషపడతారా అని ఇద్దరూ మాటిమాటికీ అనుకుని మాటిమాటికీ నవ్వారు. కడ్డీలు బిగించి ఇంటికొచ్చిన అన్నదమ్ములకి ఆ నవ్వు ఎందుకో చెప్పినా అర్థం కాలేదు. వాళ్లిద్దరికీ ఏ విషయమైనా మేకు దిగినట్టు ఒక్క దెబ్బకి తెలియాలి.

ఆ తర్వాత రోజులు పనిలో పడి గడిచాయి. ఒక హోటలు వాళ్లు గదులన్నిటికీ కర్టెన్లు కావాలన్నారు. లేత పసుపు మీద తీగలూ పువ్వులూ ఉన్న గుడ్డ, వెనక దళసరి లైనింగు. చిన్నామె కూర్చుని కొలతలు వేసి సుద్దతో గీత గీస్తే, పెద్దామె కత్తిరించి కుట్టేది. అడుగు మడతలో సన్నటి సీసపు గొలుసు దూర్చాలి, కర్టెన్ గాలికి ఎగరకుండా నిలబడటానికి. ఆ గొలుసు దూర్చే పని కూర్చునే చెయ్యొచ్చు కాబట్టి చిన్నామె ఎవరికీ ఇచ్చేది కాదు. నొప్పి వచ్చినప్పుడు చెయ్యి ఆగిపోయేది, తగ్గాక మళ్లీ కదిలేది. పెద్దామె మెషిన్ మీంచి తలెత్తకుండానే ఆ ఆగడాన్ని వినేది. గొలుసు చప్పుడు ఆగిందంటే తనూ పెడల్ మీద కాలు ఆపేది. మళ్లీ మొదలయ్యాక తనూ తొక్కేది. ఈ సంగతి చిన్నామెకు తెలుసని పెద్దామెకు తెలియదు.

ఫోన్ మళ్లీ మోగేసరికి చిన్నామె లోపలి గదిలో నడుం వాల్చి ఉంది. కొట్టు ముందు ఎవరో బండి ఇంజను ఆపకుండా నిలబెట్టారు. పెద్దామె మెషిన్ ఆపి, ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోన్ ఆనించింది.

"అమ్మా, నేను. ల్యాబ్ నుంచి." గొంతు తగ్గించి గబగబా మాట్లాడుతోంది. "నేను చెప్పానని డాక్టరుగారితో అనకండి. ఎల్లుండి మిమ్మల్ని రమ్మంటారు. అన్నీ పోయాయమ్మా."

"ఏంటీ?"

"పోయాయమ్మా! ఒక్కటీ మిగల్లేదు! మీకు ముందే చెప్పాలని..." వెనక ఎవరో పిలిచారు. "వస్తున్నా మేడం," అంది ఆ అమ్మాయి ఇటు కాకుండా అటు తిరిగి. ఫోన్ పెట్టేసింది.

పెద్దామె ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది. పోయిందంటే ఆ ల్యాబ్‌లో అర్థమేమిటో ఆమె తలుపు దగ్గర నిలబడి నేర్చుకుంది, ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. పాడైపోయాయి. మళ్లీ బూజు. నేను చెప్పానని అనకండి అని కూడా అంది పాపం, భయపడి. ఆ పిల్లను తిట్టడానికి కూడా మనసు రాలేదు. ముక్క వాళ్లు పాడుచేశారని కాదు ఆమె బాధ. ఇంకో ముక్క ఇవ్వమని చిన్నామెను అడగకూడదు, మాటిచ్చింది. అడగకపోతే మూడింట్లో ఏదో ఒక మందు కళ్లు మూసుకుని ఎక్కించాలి. అది పట్టకపోతే ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించడానికి ఆమె తన బుర్రకి అనుమతివ్వలేదు.

లోపల్నుంచి, "ఎవరక్కా ఫోను?" అని వినిపించింది.

"హోటలు వాళ్లు. రింగులు ఇత్తడివా స్టీలువా అని."

"స్టీలువని మొన్నే చెప్పారుగా?"

"మళ్లీ చెప్పారు."

ఆ రోజంతా, మర్నాడు పొద్దున కూడా పెద్దామె ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగింది. ఎప్పుడూ వాగే మనిషి ఊరుకుంటే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. మొగుడు జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. మరిది, "వదినా, నేనేమైనా అన్నానా?" అని రెండుసార్లు అడిగాడు. చిన్నామె ఏమీ అడగలేదు. గొలుసు దూరుస్తూ కూర్చుంది. పెద్దామె కుట్టి పక్కన పడేసిన కర్టెన్‌ను తీసి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చూసింది.

"అక్కా, ఈ పువ్వులేంటి తలకిందులుగా పూశాయి?"

పెద్దామె తలెత్తింది. గుడ్డ తిరగేసి కుట్టేసింది. తీగలన్నీ నేలకు పాకుతున్నాయి. కుచ్చులు, లైనింగు, పక్క అంచులు అన్నీ అయిపోయాయి. కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఆమె చేతి నుంచి అలాంటి తప్పు రాలేదు.

"చెప్పు," అంది చిన్నామె.

చెప్పేసింది. ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసిందని, అన్నీ పోయాయందని, ఒక్కటీ మిగల్లేదందని. చిన్నామె వింటూనే కర్టెన్ ఒళ్లో పరుచుకుని, కుట్లు విప్పే కొక్కెం తీసుకుని, పైఅంచు కుట్టు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టింది. దారం ముక్కలు ఊది పారేస్తోంది.

"మాటిచ్చాను," అంది పెద్దామె. "నువ్వా బల్ల ఎక్కక్కర్లేదు. రేపు వెళ్లి నేనే చెప్తాను. ఆ మొదటి మందు పెట్టేయమంటాను. అందరికీ అదే ఇస్తారట. అందరికీ ఇచ్చేది మంచిదే అయ్యుంటుంది."

కొక్కెం ఇంకో నాలుగు కుట్లు తెంపింది.

"ఎక్కుతాను."

"వద్దు."

"ఎక్కుతానన్నాగా."

"ఏమే, నేను మాటిచ్చింది నీకే. ఆ మాట మీద నన్ను నిలబడనీవా?"

"నువ్వు నిలబడు. ఎక్కేది నేను." చిన్నామె తలెత్తలేదు. "అక్కా, నీ మాట మీద మొదటి మందు ఎక్కించుకున్నాననుకో. పట్టిందా, సరే. పట్టలేదనుకో. నాకేముంది, నేను పోతాను. ఆ తర్వాత నువ్వు ఈ మెషిన్ ముందు కూర్చుని, నేనే పెట్టేయమన్నాను, నేనే పెట్టేయమన్నాను అని బతికినన్నాళ్లూ ఏడుస్తావు. పక్కనుండి ఊరుకో అని చెప్పడానికి నేనుండను. మీ మరిది చెప్తాడా? ఆయనకి కడ్డీ బిగించడం తప్ప ఏం చేతనవును? అందుకని ఎక్కుతాను. కాసేపు నొప్పి. నీ చెయ్యి ఉంది, పట్టుకుంటాను."

ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ పెద్దామె ఏం చెప్తే అది విన్న పిల్ల. తను కొనమన్న రంగు కొని, వెళ్లమన్న చోటికి వెళ్లి, వద్దన్న పని మానేసిన పిల్ల. ఇప్పుడు మొండికేసింది, అదీ తన కోసం. ఆమెకు దుఃఖం, కృతజ్ఞత రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఏది ఏదో తెలియక గబుక్కున లేచి వెళ్లి ఆ కర్టెన్ రెండో చివర పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ చెరో వైపు నుంచి కుట్లు విప్పుతూ మధ్యకి వచ్చారు.

*

మర్నాడు చిన్నామె ఏమీ తినకుండా బయల్దేరింది. సంచిలో మెత్తటి పాత చీర, మార్చుకోవడానికి బట్టలు, నొప్పి మాత్రలు సర్దుకుంది. డాక్టరమ్మ గదిలోకి వెళ్తూనే సంచి కుర్చీ పక్కన పెట్టి, "నేను సిద్ధమేనమ్మా. ఎప్పుడు తీస్తారు?" అంది.

"ఏం తీయాలి?"

"ముక్క."

"ఎందుకు?"

చిన్నామె పెద్దామె వైపు చూసింది. ల్యాబ్ అమ్మాయి పేరు బయటపెట్టకూడదని పెద్దామె దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. దానికి తగ్గ అబద్ధం మాత్రం అనుకోలేదు. "అన్నీ పోయాయి కదమ్మా," అంది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. కలొచ్చింది."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి, పెద్దామెను ఆపాదమస్తకం చూసింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె దగ్గర కొంగు లేదు, తెల్ల కోటు కాలరే ఉంది.

"మీ కల నిజమేనండీ. పోయాయి. రెండో మందు వేసిన గుంటల్లో ఉన్నవన్నీ పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఆ సంగతి చెప్పడానికే రమ్మన్నాను."

"పోయాయంటే..." అంది పెద్దామె.

"చచ్చిపోయాయి."

"బూజు పట్టి కాదా?"

"మందుకి చచ్చిపోయాయి. ఈవిడ క్యాన్సరు చచ్చిపోయింది, మా ల్యాబ్ పళ్లెంలో." డాక్టరమ్మ ముందుకు వంగి చిన్నామె చేతి మీద చెయ్యి వేసింది. "పళ్లెంలో చచ్చింది ఒంట్లోనూ చస్తుందని రాసివ్వలేను. ముందే చెప్పాను, మళ్లీ చెప్తున్నాను. కానీ ఇప్పుడు గుడ్డిగా కాదు, ఒక దారి చూసుకుని వెళ్తున్నాం. రెండోదానితో ఈవేళే మొదలుపెడదాం. ముందు మీరేమైనా తినండి. మందు ఎక్కించుకోవడానికి ఖాళీ కడుపుతో ఎవరు రమ్మన్నారు? అది కూడా కలేనా?"

చిన్నామె నవ్వబోయి ఏడ్చేసింది. పెద్దామె ఏడవబోయి, "ఆ పిల్ల! ఆ పిల్లని..." అంటూ లేచి, అంతలోనే నాలుక్కరుచుకుని కూర్చుంది. డాక్టరమ్మ వినబడనట్టు ఊరుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని చిన్నామె అడిగింది.

"ఒక్కసారి చూడొచ్చామ్మా? వాటిని?"

ల్యాబ్‌కి ముందున్న చిన్న గదిలో ల్యాబ్ అమ్మాయి పళ్లెం పట్టుకుని వచ్చింది. అరచెయ్యంత పారదర్శకమైన పళ్లెం, దాన్నిండా వరసగా చిన్న చిన్న గుంటలు. ఆ అమ్మాయికి ఈపాటికి జరిగిందంతా తెలిసిపోయినట్టుంది, చెవులు ఎర్రబడి ఉన్నాయి. పెద్దామె ఆమె పక్కకి జరిగి, గుసగుసగా, "ఇంకెప్పుడూ ఎవరితోనూ పోయాయి అనకు తల్లీ," అంది. "చచ్చాయి అని చెప్పు. శుభ్రంగా చచ్చాయి అని చెప్పు."

"సరేనమ్మా," అంది ఆ అమ్మాయి, ఏడుపు మొహంతో నవ్వుతూ.

పళ్లేన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, చక్రం తిప్పి, చిన్నామెను స్టూలు మీద కూర్చోబెట్టింది. "ఇవి ఏ మందూ వెయ్యనివి."

చిన్నామె కన్ను ఆనించింది. "ఇవి నావేనా?"

"మీవే."

"ముద్దుగానే ఉన్నాయే."

"ఛీ, అవేం మాటలే," అంది పెద్దామె. అంది గానీ తనూ వంగి చూసింది. గుండ్రంగా, నిండుగా, అంచులు మెరుస్తూ బుడగల్లా ఉన్నాయి. ఇన్నాళ్లుగా తమ ఇంట్లో నిద్ర లేకుండా చేసినవి ఇంతింతే ఉన్నాయి.

ల్యాబ్ అమ్మాయి పళ్లెం కొంచెం పక్కకి జరిపింది. "ఇప్పుడు చూడండి. ఇవి మొదటి మందు వేసినవి."

పెద్దామె చూసింది. కళ్లు చిట్లించి మళ్లీ చూసింది. "మందు వేసినవి చూపిస్తానని మళ్లీ అవే చూపిస్తావేంటి?"

"అవి కాదమ్మా. ఇవి వేరే గుంటలో ఉన్నవి. ఇన్ని రోజులూ మొదటి మందులోనే నానాయి. వాటికేం కాలేదు."

పెద్దామె కన్ను తియ్యలేదు. అవి అలాగే ఉన్నాయి. అదే నిండుదనం, అదే మెరుపు. ఎవరికైనా అదే ఇస్తారు కదా, నాన్చకుండా పెట్టేయండి అని తను అడిగిన మందులో హాయిగా కూర్చుని ఉన్నాయి. ఒక్కసారి కాదు, రెండుసార్లు అంది. నిన్న చిన్నామె కుట్లు విప్పుతుంటే కూడా అదే పెట్టేయమంటానంది.

మెల్లగా పక్కకి జరిగి చిన్నామెకు చోటిచ్చింది. ల్యాబ్ అమ్మాయి రెండో మందు వేసిన గుంట వచ్చేలా పళ్లెం మళ్లీ జరిపింది. చిన్నామె చాలాసేపు చూసింది. ఆ గుంటలో ఉండలేమీ లేవు. నల్లగా, చెదిరిపోయి, నలిపిన రొట్టె పొడిలా ఏదో ఉంది.

"పీడ విరగడైంది," అంది ల్యాబ్ అమ్మాయి, ఇక ఉండబట్టలేక.

"అలా అనకమ్మా," అంది చిన్నామె కన్ను ఎత్తకుండానే. "నా ఒంట్లోవేగా. మూడు మందులూ నేను తాగాల్సింది. నా బదులు అవి తాగాయి పాపం. ఏది చేదో, ఏది దండగో నాకు చెప్పి పోయాయి." "వాటి మేలు మర్చిపోకూడదు."

తల తిప్పి, "నువ్వూ చూడక్కా," అనబోయి ఆగిపోయింది.

పెద్దామె గోడ దగ్గర నిలబడి ఉంది. మొహమంతా తడిసిపోయింది. రెండు చేతులూ జోడించింది. మైక్రోస్కోపుకి కాదు, పళ్లేనికి కాదు. చిన్నామె వైపే తిరిగి, తల వంచి దండం పెడుతోంది.

"నువ్వు నా మాట వినలేదు," అంది. "తల్లీ, నువ్వు నా మాట వినలేదు. విని ఉంటే..."

చిన్నామె స్టూలు మీంచి ఒక్క ఉదుటున లేచింది. నొప్పి కూడా మర్చిపోయింది. గభాల్న వచ్చి ఆ రెండు చేతులూ పట్టుకుని విడదీసి కిందికి లాగేసింది.

"ఏంటక్కా ఈ పని! పెద్దదానివి, నాకు దండం పెడతావా? నా ఆయుష్షు తగ్గిపోదూ!"

కోపంగానే అంది. అలవాటుగా అంది, ఏ ఇంట్లోనైనా ఏ చిన్నవాళ్లయినా అన్నట్టే అంది. జబ్బు తిరగబెట్టిన దగ్గర్నుంచి ఆ మాట ఆమె నోట రాలేదు. తన ఆయుష్షు అనేది ఒకటి ఉందని, అందులోంచి ఎవరైనా కొంచెం తీసుకుంటే తనకు తక్కువవుతుందని ఆమె ఇన్నాళ్లూ అనుకోలేదు. పెద్దామె ఆ మాట విన్నది. ల్యాబ్ అమ్మాయి కూడా విన్నది. చిన్నామె మాత్రం తనన్నది తనకింకా వినబడనట్టు, కళ్లెర్రజేసి చూస్తూనే ఉంది.

పెద్దామె గబగబా చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది.

"లేదులేవే, దించేశాను," అంది. "చూడు, దించేశాను."